అత్తగారి పేరుతో జపనీస్ పాఠం

పెద్దాపురంలో ఆసుపత్రి ఆయాగా చేసే ప్రసన్నకుమారికి అనుమానాలు జాస్తి. శనివారం శనివారం బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి జపనీస్ నేర్చుకునేది. మొదటి రోజే పల్లంరాజు మాస్టారికి ఊపిరాడనివ్వలేదు.

"ఎన్నాళ్ళకి వస్తుందండి? ఒక్క భాషకి మూడు రకాల అక్షరాలేంటండి? ఇంగ్లీషుతో నెట్టుకురాలేమాండి?"

మిగతావాళ్ళకీ అవే అనుమానాలు, కాకపోతే అడగడానికి మొహమాటం. పదేళ్ళు జపాన్‌లో ఫ్యాక్టరీ పని చేసొచ్చిన మాస్టారు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, "భయపడకమ్మా, వాక్యం మనలాగే కడతారు. 'నేను అన్నం తిన్నాను' అన్న వరసే వాళ్ళదీనూ" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమెకి కొండంత ధైర్యం వచ్చింది.

ఏడాదిన్నరకి పరీక్ష గట్టెక్కింది. తర్వాత జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళని చూసుకునే ఉద్యోగానికి ఇంటర్వ్యూ, వీడియో కాల్లో. పన్నెండేళ్ళుగా "ఏయ్ ఆయా" అనిపించుకున్న మనిషికి ఆ ఉద్యోగం దొరికితే బతుకే మారిపోతుంది. ఆటో నడిపే మొగుడు రమేష్ బాబు కూడా "నువ్వెళ్ళు, ఇల్లు నేను చూసుకుంటా" అన్నాడు.

అటువైపు ఒక ఉద్యోగిని మోరి అనే పెద్దావిడలా నటిస్తూ కూర్చుంది. ఆవిణ్ణి భోజనానికి పిలవమన్నారు. మన ప్రసన్నకుమారి ఎంతో ప్రేమగా, చక్కటి జపనీస్‌లో "మామ్మగారూ" అంది. అంతే, బెడిసికొట్టింది.

"ఆవిడ మీ మామ్మ కాదు. ఆవిడకో పేరుంది" అన్నారు వాళ్ళు మర్యాదగానే. నెల తర్వాత ఇంకొక్కసారి చూస్తామన్నారు, అదే ఆఖరు.

"పెద్దవాళ్ళని పేరుపెట్టి ఎలా పిలుస్తారండీ!" అని మాస్టారి దగ్గర ఏడ్చేసింది.

"పేరు చివర 'సాన్' ఉందిగా, అది మన 'గారు' లాంటిదేనమ్మా."

ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు పెగలాలిగా! రేషన్ షాపులో అత్తగారి పేరడిగితే కార్డు ముందుకి తోసే రకం ఈవిడ.

చివరికి ఆ అత్తగారు సంపూర్ణమ్మే దారి చెప్పింది. "నన్ను పిలిచి నేర్చుకోవే. నేనేం అనుకోను."

మొదటి రోజు గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. కాఫీ చల్లారింది, మాట మాత్రం రాలేదు. మర్నాడు గొణిగింది. పదో రోజుకి "సంపూర్ణమ్మ సాన్, కాఫీ తాగండి" అని వీధిలోకి వినపడేలా అంది.

పక్కింటి జ్ఞానమ్మ గోడ మీంచి తొంగిచూసి, "కోడలు పేరుపెట్టి పిలుస్తోందేంటి వదినా!" అని బుగ్గలు నొక్కుకుంది.

"చదువుకుంటోంది, నీకేంటి?" అంది సంపూర్ణమ్మ.

రెండో ఇంటర్వ్యూలో ప్రసన్నకుమారి తడబడలేదు. "మోరి సాన్, భోజనం వేళైందండి" అంది హాయిగా. మూడోనాడు ఉద్యోగం ఖాయమని ఫోనొచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ కావలించుకుని ఏడ్చారు, ప్రార్థన చేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే, "కాఫీ అండి, అత్తయ్యగారూ" అంది ప్రసన్నకుమారి.

సంపూర్ణమ్మ గ్లాసు ముట్టుకోలేదు.

"ఏమైందండి?"

"మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళైందే. మళ్ళీ నా పేరు విన్నది ఈ నెల రోజులే. నువ్వెళ్ళేదాకా అలాగే పిలువు."