ఒకటో తరగతి సింహాద్రమ్మ

మా అమ్మ ఒకటో తరగతి చదివే రోజుల్లో ఆమె పక్కన కూర్చున్న విద్యార్థినికి నలభై ఏళ్ళు. పేరు సింహాద్రమ్మ. ఆ బడిలో వంట చేసేది కూడా ఆమే. ఈ రెండు పనులూ ఒకే మనిషి నెత్తిన ఎలా వచ్చి పడ్డాయో మా అమ్మ చాలాసార్లు చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్క మారేది కాదు. కాబట్టి ఇందులో నేను కల్పించిందేమీ లేదు.

సింహాద్రమ్మ తల్లిదండ్రులు భీమిలి దగ్గరి పల్లె నుంచి ఓడెక్కి ఈ చెరుకుతోటల దీవికి కూలికి వచ్చినవాళ్ళు. ఆమె మాత్రం బాన్ అక్యూయ్ అనే ఊరి పక్కన ఎస్టేటు కాంపులో, కూలీల పాకలోనే పుట్టింది. పెళ్ళయిన అయిదో ఏట భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. చెరుకుతోటలో కలుపు తీసే ఆడవాళ్ళ గుంపులో ఆమె ముందు నడిచేది. మనిషి పొడుగ్గా, ఎండిన చెరుకు గడలా ఉండేది గానీ గొంతు మాత్రం అలాంటిది కాదు. ఆమె ఈ గట్టు మీద ఎవరినైనా పిలిస్తే ఆ గట్టు మీద మేసే ఎద్దు తలెత్తి చూసేదట.

కాంపు పిల్లల కోసం రోడ్డు పక్కన ఒక చిన్న ఎయిడెడ్ బడి ఉండేది. రేకుల కప్పు, నాలుగు పొడుగు బల్లలు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఒకే ఒక్క మాస్టారు. ఆ మాస్టారు పేరు పియర్, ఆ దీవి క్రెయోల్ జాతి మనిషి, మంచివాడు, ఎప్పుడూ కంగారు పడుతుండేవాడు. కాంపులో అందరూ ఆయన్ని 'మిస్యే' అనేవాళ్ళు, అయ్యగారని. పిల్లలు పొద్దున్నే ఒక చల్లటి కర్రపెండలం ముక్క తినో, అదీ లేకుండానో వచ్చేవాళ్ళు. పది కొట్టేసరికి ఒక్కొక్కరే బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాళ్ళు. పదిన్నరకు బడిలో మెలకువగా ఉండేది పియర్ ఒక్కడే. అయినా ఆయన పాఠం ఆపేవాడు కాదు, ఎవరికైనా చెవిలో పడకపోతుందా అని.

పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టడానికి డబ్బు కావాలని ఆయన నాలుగేళ్ళు ఉత్తరాలు రాశాడు. చివరికి 1912లో పట్నం నుంచి 'బలహీన బాలల పోషణ సంఘం' అనే ధర్మసంస్థ వాళ్ళు జవాబిచ్చారు. బడికి అదనంగా నెలనెలా డబ్బు ఇస్తామన్నారు. దానికి రెండు షరతులు పెట్టారు. పిల్లలందరినీ ఆరు నెలలకోసారి తూచాలి. తూకం పెరగకపోతే డబ్బు వృథా అయినట్టు, ఆపేస్తారు. సగటున ఒక్కో పిల్లకు ఇరవై కిలోలు దాటితే బలహీనత పోయినట్టు, అప్పుడూ ఆపేస్తారు.

వంటకు మనిషి కావాలంటే కాంపు వాళ్ళు సింహాద్రమ్మను చూపించారు. పియర్ ఆమెకు షరతులు ఆ దీవి భాష క్రెయోల్‌లో రెండుసార్లు వివరించాడు. ఆమె చీపురు పక్కన పెట్టి విన్నది.

"అంటే మిస్యే, ఈల్లు ఎదగాల, కానీ ఎదిగిపోకూడదు. అంతేనా?"

"అంతే."

"అలాగెలాగ? ఒండినాక తింతారు, తిన్నాక ఎదుగుతారు. మద్దిలో ఆపడానికి ఇదేటి, పొయ్యిమీద పాలా?"

"ముందు మొదలుపెట్టు, తర్వాత చూద్దాం," అన్నాడు పియర్.

మొదలుపెట్టడానికి ముందు తూచాలి. బళ్ళో తక్కెడ లేదు. కొట్టువాడి తక్కెడలో అయిదు కిలోలకు మించి పట్టదు. ఇక మిగిలింది ఎస్టేటులో చెరుకు బళ్ళను తూచే పెద్ద కాటా. దాన్ని చూసుకునేవాడు సూరయ్య. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు, పెద్దగా మాట్లాడడు. కాటా మీద యాభై కిలోలకొక గీత ఉండేది. అంతకంటే చిన్న బరువు ఉందంటే సూరయ్య ఒప్పుకునేవాడు కాదు.

"ఒక్కొక్కన్ని పెడితే ముల్లు కదల్దు మిస్యే. అందర్నీ ఒకే బండిలో ఎక్కించండి. బండి బరువు నేను తీసేత్తాను."

అలా ముప్పై ఎనిమిది మందిని చెరుకు బండిలో, చెరుకు గడల్లాగే నిలబెట్టి, ఎద్దుల్ని విప్పి తూచారు. సంఘం నుంచి వచ్చిన తనిఖీ దొర గొడుగు కింద నిలబడి చూశాడు. పిల్లల బరువు మొత్తం ఏడు వందల కిలోలు. అంటే సగటున పద్దెనిమిదిన్నర కూడా లేదు. "చాలా సంతోషం, వీళ్ళు నిజంగా బలహీనులే," అని దొర ఇంకుతో రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి సింహాద్రమ్మ పొయ్యి వెలిగించింది. అన్నం, పప్పు, బ్రేద్ అని అక్కడ పిలిచే ఆకుకూరలు, వారానికి రెండుసార్లు ఉప్పుచేప. పొలం గట్ల మీద ఏ ఆకు దొరికినా కోసుకొచ్చేది. పిల్లలు తిని మళ్ళీ నిద్రపోయేవాళ్ళు గానీ, అది వేరే నిద్ర. నెల తిరిగేసరికి అదీ పోయింది. ఇప్పుడు వాళ్ళు అల్లరి మొదలుపెట్టారు. పియర్‌కు జీవితంలో మొదటిసారి బెత్తం కొనాల్సి వచ్చింది, కొన్నాక దాంతో ఏం చేయాలో తోచక గోడకు తగిలించాడు.

అయిదో నెలలో ఆయన పిల్లల బుగ్గలు చూసి బెంబేలెత్తిపోయాడు. బళ్ళోకెల్లా బక్కపిల్లను, అంటే మా అమ్మను, ఎత్తి చూసుకున్నాడు. చేయి నొప్పెట్టింది. తిన్నగా వంటపాకలోకి వెళ్ళాడు.

"సింహాద్రీ, ఇరవై దాటేశారు. తూకం ఇంకో పదిహేను రోజుల్లోనే. ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క వారం గంజి మాత్రమే పొయ్యి."

ఆమె గరిటె కింద పెట్టింది. మా అమ్మ గుమ్మంలోంచి చూస్తోందట.

"ఆకలేసినోల్లకే డబ్బులిత్తారని, ఆ డబ్బుల కోసం ఈల్లని ఆకలితో ఉంచమంతారా మిస్యే? నా సేత్తో కాదు. మీరు కావలిత్తే ఇంకో వంటమనిసిని సూసుకోండి."

ఆమె గరిటె మళ్ళీ తీసి, పప్పు కలుపుతూ అడిగింది.

"సగటు అంటే ఏటన్నారు? అందర్నీ కలిపి పంచడమే కదా?"

"అదే."

"మరి బడికి రాని పిల్లలున్నారు. పేడ ఎత్తేవోల్లు, మేకలు కాసేవోల్లు. మనోల్ల పక్కన నిలబెడితే ఆల్లు పుల్లల్లాగుంతారు. తెత్తాను, కలపండి."

పియర్ ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తప్పేమీ కనిపించలేదు. ఇద్దరూ కలిసి బక్కపిల్లల వేటకు బయల్దేరారు. మాస్టారు నోటు పుస్తకం, వంటమనిషి కొబ్బరి లౌజు పొట్లం పట్టుకుని చుట్టుపక్కల కాంపులన్నీ తిరిగారు. ఒకచోట బొద్దుగా ఉన్న పిల్లను తల్లే తెచ్చి అప్పజెప్తే, పియర్ ఆ పిల్ల నడుం చూసి వద్దన్నాడు. ఆ తల్లి ఊరంతా వినేలా తిట్టింది. ఇంకోచోట వెంకటమ్మ అనే ఆవిడ, "మా యిద్దరూ ఎదురింటోల్ల కంటే బక్కోల్లు, కావలిత్తే పక్కటెముకలు లెక్కెట్టుకోండి," అని పిల్లల చొక్కాలు విప్పి చూపించింది. ఎదురింటావిడ ఊరుకోలేదు, తన నలుగురినీ లాక్కొచ్చింది. ఆ వీధి మొత్తం పోటీ పడింది. పది రోజుల్లో ఇరవై నాలుగు మంది కొత్త పిల్లలు బళ్ళో చేరారు.

తూకం రోజు దొర వచ్చాడు. అరవై రెండు మందిని బండిలో కుక్కారు. పియర్ ముందు రాత్రే వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు, ఇరవై లోపే వస్తుంది. సరిగ్గా ముల్లు కదలబోతుండగా కొత్తగా చేరిన పిల్ల ఒకతె భయపడి బండి అంచు మీంచి దూకబోయింది. సింహాద్రమ్మ ఒక్క గెంతులో బండెక్కి దాన్ని పట్టుకుంది.

సూరయ్య అంకె చదివేశాడు. "పన్నెండు వందల యాభై."

దొర ఇంకుతో రాసేశాడు. భాగించాడు. ఇరవై దాటింది.

పియర్ దొర దగ్గరికి పరిగెత్తాడు. "సార్, వంటమనిషి బండిలో ఉంది! ఆమెను దించి మళ్ళీ తూచండి."

"ఒకసారి ఇంకుతో రాశాక దిద్దుబాట్లు ఉండకూడదని సంఘం నియమం," అన్నాడు దొర. ఆయనా బాధపడుతున్నాడు. గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "బండిలో ఎన్ని తలలున్నాయి?"

"అరవై మూడు."

"మీ రిజిస్టరులో?"

"అరవై రెండు."

"అయితే తప్పు రిజిస్టరుది. తూకం దిద్దడానికి వీల్లేదు. రిజిస్టరు దిద్దడానికి వీలుంది. బండిలో ఉన్నవాళ్ళంతా విద్యార్థులేనని షరతుల్లో స్పష్టంగా ఉంది." ఆయన మళ్ళీ భాగించి చూశాడు. పంతొమ్మిది పైచిలుకు. మొహం విప్పారింది. "పోయినసారి కంటే పెరిగారు, ఇరవై దాటలేదు. ఇంత చక్కటి ఫలితం నేను ఏ బడిలోనూ చూడలేదు. ఆ పిల్ల పేరేమిటి?"

పియర్ కంటే ముందే సూరయ్య చెప్పాడు. "సింహాద్రమ్మ అయ్యా. ఒకటో తరగతి."

అలా ఆమె బడిలో చేరింది. ఇంటికి వెళ్ళాక నవ్వుకుని మరిచిపోయేదేమో గానీ, సంఘం వాళ్ళకు ప్రతినెలా హాజరు పట్టీ వెళ్ళాలి. ఎవరైనా మూడు రోజులు రాకపోతే కారణం రాయాలి. పియర్ అబద్ధం రాయలేని మనిషి. అందుకని రోజూ వంట ఎసరు పెట్టాక ఒక గంటసేపు ఆమె మా అమ్మ పక్కన బల్ల మీద కూర్చునేది. మోకాళ్ళు బల్ల కింద పట్టేవి కావు, అడ్డంగా పెట్టుకునేది. పలక మీద అక్షరాలు గరిటె తిప్పినట్టు గుండ్రంగా రాసేది. మొదట్లో సిగ్గుపడింది. తర్వాత సిగ్గు పోయి, పక్కవాళ్ళ పలక చూసి రాయడం మొదలైంది. పియర్ ఒకసారి ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టాడట. ఆ రోజు పప్పు మాడింది. మళ్ళీ ఎప్పుడూ నిలబెట్టలేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఆరు నెలలకోసారి కొత్త బక్కపిల్లలు వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు ఒళ్ళు చేసేవాళ్ళు. నూట ఇరవై మంది అయ్యారు. ఇంకో మాస్టారు కూడా వచ్చాడు. ఇప్పుడు బండిని మూడు దఫాలుగా తూచేవాళ్ళు. తూకం రోజున సింహాద్రమ్మను చేయి పట్టి బండెక్కించేది సూరయ్యే. మొదట్లో చేయి ఇచ్చేవాడు, తర్వాత్తర్వాత చేయి వదలడం మరిచిపోయేవాడు. 1915లో ఒకరోజు ఆయన కాటా తాళం చేతిలో తిప్పుకుంటూ వంటపాకలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏటి సూరయ్యా, ఆకలా?"

"కాదు."

"మరేటి?"

"ఇంటికాడ ఒక్కన్నే ఉంతన్నాను. నువ్వూ ఒక్కదానివే కదా."

ఆమె పొయ్యిలో పుల్లలు సర్దింది. "బడి మానను మరి," అంది.

"ఎవలు మానమన్నారు?" అన్నాడు ఆయన.

పెళ్ళి జరిగింది. పియర్ సాక్షి సంతకం పెట్టాడు. ఆ నెల హాజరు పట్టీలో ఆమె మూడు రోజులు రాలేదని ఉంది కాబట్టి, కారణం గడిలో ఉన్నదున్నట్టు రాశాడు: వివాహం.

వారం తిరగకుండా సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఒకటో తరగతి చదివే ఆడపిల్లకు పెళ్ళి చేయడం సంఘాన్ని దిగ్భ్రాంతికి గురిచేసిందని, తల్లిదండ్రులను హెడ్మాస్టరు ఎందుకు వారించలేదో సంజాయిషీ ఇవ్వాలని, వరుడి వయసు కూడా తెలపాలని అందులో ఉంది. వధువు వయసు అడగలేదు కాబట్టి, పియర్ వరుడి వయసు నలభై ఆరు అని మాత్రం రాశాడు. దాంతో మంట ఇంకా పెరిగింది. పాత దొర స్థానంలో కొత్తగా వచ్చిన తనిఖీ దొర కంగారుగా గుర్రబ్బండిలో దిగాడు. ఆ చిన్నారిని ఓదార్చడానికి ఒక బొమ్మ కూడా తెచ్చాడు.

ఆ సమయానికి సింహాద్రమ్మ వడ్డిస్తోంది. పియర్ ఆమెను చూపించాడు. దొర ఆమెను చూశాడు, బొమ్మను చూశాడు. ఇంకుతో రాసిన పాత కాగితాలు తిరగేశాడు. వయసు అనే గడి సంఘం ఫారంలోనే లేదు. ఆయన బల్ల మీద కూలబడ్డాడు. ఆమె ఆయన ముందు ఆకు వేసి అన్నం, పప్పు పెట్టింది. ఆయన తిన్నాడు, రెండోసారి అడిగి తిన్నాడు.

"ఇంత మంచి భోజనం పెడితే తూకం పెరగక ఏమవుతుంది," అన్నాడు చివరికి.

"అదే కదా బాబూ మొదట్నించీ మేం సెప్తన్నది," అంది ఆమె.

ఆయన పట్నం వెళ్ళి ఏం చెప్పాడో తెలియదు. మరుసటి ఏడు తూకం షరతులు రెండూ ఎత్తేశారు. పిల్లలు బీదవాళ్ళని మాస్టారు రాసిస్తే చాలన్నారు. డబ్బు ఆగకుండా వచ్చింది. సింహాద్రమ్మ మూడో తరగతి వరకు చదివి, ఆ పైన లెక్కలు రాక మానేసింది. వంట మాత్రం ఇంకో పదమూడేళ్ళు చేసింది. సూరయ్య మధ్యాహ్నం కాటా మూసి, పిల్లల వెనక వరసలో కూర్చుని అక్కడే తినేవాడు. మా అమ్మ నాలుగో తరగతి పూర్తి చేసేనాటికి ఆ బడిలో నూట నలభై మంది ఉన్నారు. పదిన్నరకు ఒక్కరూ నిద్రపోయేవాళ్ళు కాదు.