స్టోరుబావ ఆదివారపు బ్యాకప్

నిప్పు పుట్టించడం, చక్రం దొర్లించడం తర్వాత మానవజాతి చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం, స్టోరుబావ ఆదివారం పూట కంప్యూటరుకు హార్డ్ డిస్క్ తగిలించడం. మొదటి రెండింటినీ లోకం గుర్తించింది. మూడోదాన్ని ఆయనొక్కడే గుర్తించాడు.

ఆయన ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన సిద్ధాంతం ఒక్కటే: పాతది వాడుకలో ఉండాలి, కొత్తది బీరువాలో ఉండాలి. ఆయన హయాంలో కార్మికులు చిరిగిన తొడుగులతోనే చేతులు కాల్చుకున్నారు. ఆయన దిగిపోయాక బీరువాలు తెరిస్తే, కొత్త తొడుగులు ఒకదానికొకటి అంటుకుపోయి చెత్తబండికి తప్ప దేనికీ పనికిరాలేదు. దీన్ని ఆయన పొదుపు అనేవాడు. ఫ్యాక్టరీ బతికిపోయింది, ఇల్లు దొరికిపోయింది.

పై వాటాలో ఉండే మరదలు గళ్ళనుడికట్లు కూర్చేది. ఒక పుస్తకానికి సరిపడా కొత్తవి మొదలుపెట్టిందని తెలియగానే బావ రంగంలోకి దిగాడు.

"ల్యాప్‌టాప్‌ని నమ్ముకోకమ్మాయ్. నా డిస్కులో పడేస్తే ఇనప్పెట్టెలో పెట్టినట్టే."

ఆమె నమ్మింది. తెలివైనవాళ్ళు చేసే తప్పులు అలాగే ఉంటాయి. ప్రతి ఆదివారం ల్యాప్‌టాప్ కిందికి తెచ్చేది. ఆయన తలుపు వేయించి, టీవీ కట్టించి, సర్జన్ ముఖం పెట్టుకుని బ్యాకప్ తీసేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి.

ఒకరోజు ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది. అది మళ్ళీ లేవలేదు. నుడికట్లు మర్నాటికల్లా పంపకపోతే పుస్తకం వేయనని ప్రచురణకర్త తేల్చేశాడు. ఆమె పరుగున కిందికి వచ్చింది.

ఆయన తన కంప్యూటరుకు డిస్క్ తగిలించాడు. అది టక్కుమంది, తెర మీద కనిపించింది, మాయమైంది.

"అలిసిపోయింది పాపం" అన్నాడు.

"అది ఎద్దు కాదు బావగారూ."

ఆయన దాన్ని కళ్ళజోడు గుడ్డతో తుడిచాడు. బోర్లించాడు. చెవి దగ్గర పెట్టుకుని తల పంకించాడు. వేడి చేసిందని నిర్ధారించి, తువ్వాల్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాడు.

"పాలగిన్నె మీద పెట్టకండి. పాలకున్నపాటి బుద్ధి కూడా లేదు దానికి" అంది వంటగదిలోంచి ఆయన భార్య. డిస్కును గురించే అన్నదని ఆయన నమ్మకం.

చల్లబడిన డిస్క్ మళ్ళీ టక్కుమంది, మళ్ళీ మాయమైంది. ఈసారి మరదలు వైరు చూసింది. దాని మెడకు ప్లాస్టరు చుట్టి ఉంది.

"ఈ వైరెక్కడిది?"

"పాత కెమెరాది. ఇంకా పదేళ్ళు వస్తుంది."

"డిస్కుతో వచ్చిన వైరేదీ?"

"బీరువాలో. సీలు కూడా విప్పలేదు" అన్నాడు, పతకం చూపిస్తున్నట్టు.

"ఎందుకు విప్పలేదూ?"

"వాడితే పాడైపోదూ?"

భార్య తాళాలు తెచ్చింది. కవరు పంటితో చించింది. ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొత్త వైరు తగిలించగానే డిస్క్ బుద్ధిగా తెరుచుకుంది. దానికి ఏ జబ్బూ లేదు.

"చెప్పలేదూ, నా దగ్గర ఏదీ పోదని" అంటూ ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

తెర నిండా ఫోల్డర్లు: వీడ్కోలు సభ. వీడ్కోలు సభ భద్రం. వీడ్కోలు సభ అసలు భద్రం. వీడ్కోలు సభ ముట్టుకోవద్దు. అన్నిటిలోనూ ఒకటే వీడియో, ఆయన ఉపన్యాసం. అట్టడుగున 'నుడికట్లు'. మరదలు తెరిచింది. లోపల ఏమీ లేదు.

"ప్రతివారం ఎక్కించానే" అన్నాడు ఆయన. "ఎప్పుడూ ఏదో చిన్న పెట్టె వచ్చేది. ఓకే నొక్కితే పోయేది."

"అందులో ఏం రాసుండేది?"

"ఓకే అని ఉన్నాక ఇంకేం చదవాలమ్మాయ్?"

ఆ పుస్తకానికి ఆమె మొదటి నుడికట్టు కూర్చకముందే ఆ డిస్క్ ఆయన ఉపన్యాసంతో నిండిపోయింది.