రమణను పడుకోనివ్వని హుంకారం

నమ్మితే నమ్మండి, లేకపోతే మా ఆవిడ ఇందిరను అడగండి. నేను పిసరంత విషయాన్ని పర్వతం చేస్తానని మేముండే హెండర్సన్‌లో అందరికీ తెలుసు. ఆవిడేమో పర్వతాన్ని పిసరంత చేసే మనిషి. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

ఆ సాయంత్రం నా బావమరిది రమణతో కలిసి పడమటి తీరానికి వెళ్లాం. నల్ల ఇసుక. తాటిచెట్టును మింగేసేంత దిబ్బలు. వాటి వెనక పిట్టలు చేరే మడుగు. ఇందిర పులిహోర డబ్బా తీస్తుంటే రమణ ఇన్సులిన్ పొడుచుకున్నాడు. అంతలో ఏదో పిట్ట కనబడింది.

"ఇప్పుడే వస్తానక్కా" అని బైనాక్యులర్స్‌తో లేచాడు.

ఇందిర నోరు తెరిచి... మూసేసింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు కదా!

చీకటి పడింది. రమణ రాలేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. ఇంజెక్షన్ వాడి ఒంట్లో, తిండి మా డబ్బాలో...

"ఎక్కడికని అడిగుంటే పోయేది కదే!"

"మీరడగొచ్చుగా? మీ నోట్లో ఏముంది, పులిహోరా?"

"రమణా..." అని అరిచాను. నా కేకను సముద్రం ఆస్ట్రేలియా దాకా మోసుకుపోయింది.

అప్పుడు... మడుగు అంచున, రెల్లులోంచి...

"హూఁ...మ్."

ఖాళీ కుండలో ఎవరో ఊదినట్టు. చెవికి కాదు, పక్కటెముకలకు వినబడింది. నా తలమీది వెంట్రుకలు... అంటే, మిగిలిన నాలుగూ... లేచి నిలబడ్డాయి.

"అటు నడవండి" అంది ఇందిర.

"అటా? పిచ్చా నీకు?"

"నడవండీ!"

పక్కదారి పడితే శబ్దం ఆగిపోయేది. మళ్లీ అటు తిరిగితే... "హూఁ...మ్."

దిబ్బ వెనక రమణ కూలబడి ఉన్నాడు. చెమటలో తడిసి ముద్దయ్యాడు. ఇందిర మామిడి రసం తాగించింది. చాలాసేపటికి చూపు నిలిచింది.

"బావా, ఆ పెద్దాయనేడి?"

"ఏ పెద్దాయనరా?"

"పక్కనే కూర్చున్నాడుగా! కళ్లు మూసినప్పుడల్లా ఒకటే హుంకరింపు. పడుకోనిస్తేనా?"

టార్చి వేశాను. ఇసుకలో... రమణ అడుగులే ఉన్నాయి.

తర్వాత, అక్కడికి పిట్టల్ని చూడటానికి వచ్చే ఈ దేశంలోనే పుట్టి పెరిగిన కివీ పెద్దావిడకు చెప్పాం. అది బిటర్న్ అనే కొంగ కూత అంది. ఆ మడుగులో అది వినబడి ఏళ్లయిందట.

"నిజంగా విన్నారా?" అని నా చెయ్యి పట్టుకుంది. కళ్లు వెలిగిపోతున్నాయి.

కొంగేనా? కొంగ దారి చూపిస్తుందా? నాకు తెలియదు. ఇప్పుడు శనివారాలు ముగ్గురం అక్కడే కూర్చుంటున్నాం. ఇంతవరకూ వినబడలేదు. కానీ మొన్న... గాలి లేదు... రెల్లు మెల్లగా కదిలింది. లోపల ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

రమణ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.