అనంతమ్మకు రాని కామెర్లు

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి కంటి కింది రెప్ప లాగి చూసుకుంటాను, పచ్చబడిందేమోనని. ఇంట్లోవాళ్లు రక్తం తగ్గిందేమోనన్న భయం అనుకుంటారు. కాదు. ఒకామెకు లేని రోగాన్ని నేను కాగితం మీద అంటగట్టాను. అది ఎప్పటికైనా నా గుమ్మం తొక్కుతుందని నాకు నమ్మకం. వకీలువి, నీకు ఇవేం నమ్మకాలని మీరు నవ్వొచ్చు. అంతా విన్నాక నవ్వండి.

నా పేరు చెప్పను. తాండూరులో చాలా ఏళ్లుగా నల్లకోటు వేసుకుంటున్నానని మాత్రం చెబుతాను.

అనంతమ్మది బషీరాబాద్ వైపు ఊరు. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. రెండెకరాల కంది చేను, దాని కింద నాపరాయి. ఆ రాయే లేకపోతే ఆమె జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. పక్కన గని నడిపే సేటు, ఆమె భర్త బతికుండగానే ఆ చేను తనకు తెల్లకాగితం మీద అమ్మాడని దావా వేశాడు. దాని మీదున్న వేలిముద్ర మా ఆయనది కాదని ఆమె మొత్తుకుంది. తాండూరు కోర్టు కాగితాన్నే నమ్మింది. నేనేమీ బెంగపడలేదు. రిజిస్టరు కాని తెల్లకాగితంతో భూమి మీద హక్కు రాదని వికారాబాద్ పై కోర్టులో గట్టిగా వాదించొచ్చు. తీర్పు నకలు తీసుకుని ముప్పై రోజుల్లో అప్పీలు వేయాలి, అంతే.

వేయలేదు. మరిచిపోయాను.

ఎలా మరిచిపోయానని నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. మా బతుకంతా డైరీ మీద నడుస్తుంది. ఏ రోజు ఏ కేసు వాయిదా ఉందో ఆ పేజీలో రాసి ఉంటుంది, పొద్దున ఆ ఫైళ్లే బల్ల మీదికి వస్తాయి. తీర్పు అయిపోయిన కేసుకు వాయిదా ఉండదు. వాయిదా లేని ఫైలు గురించి ఎవరూ గుర్తు చేయరు. నకలు వచ్చింది, నా చేతులతో నేనే బీరువాలో పెట్టాను. ఆ నెలల్లోనే మా వకీళ్ల సంఘం ఎన్నికలు. అధ్యక్షుడిగా నిలబడి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. అనంతమ్మ మూడుసార్లు వచ్చి అప్పీలు ఏమైందని అడిగింది. మూడుసార్లూ "వేశాం, నంబరు రావాలి" అన్నాను. నిజంగానే వేశామనుకున్నానా? మొదటిసారి అనుకున్నాను. మూడోసారికి అనుమానం వచ్చింది, కానీ బీరువా తెరవడానికి భయమేసి తెరవలేదు. తెరిచేసరికి గడువు దాటి నాలుగు నెలలు.

అప్పటికీ దారి మూసుకుపోలేదు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చని చట్టంలో ఉంది. ఏది తగినదో చట్టం చెప్పలేదు. పై కోర్టులే ఏళ్ల తరబడి ఆ మాటకు అర్థం చెబుతూ వచ్చాయి. ఎన్ని రోజులు ఆలస్యమైందన్నది కాదు, కారణం నిజమా కాదా అన్నదే చూడాలన్నాయి. వకీలు చేసిన పొరపాటుకు కక్షిదారు నష్టపోకూడదని కూడా అన్నాయి. ఆ తీర్పులన్నీ నేను చదివినవే, వేరేవాళ్ల కేసుల్లో నిలబడి వాదించినవే. తప్పు నాది, నకలు నా బీరువాలో ఉండిపోయింది అని ఒక్క అఫిడవిట్ నా పేరుతో వేసి ఉంటే జడ్జిగారు నన్ను నాలుగు మాటలని అప్పీలు తీసుకునేవారు. కొత్తగా గెలిచిన అధ్యక్షుణ్ణి. ఆ నాలుగు మాటలు పడలేకపోయాను.

మా దగ్గర ఒక అలవాటుంది. ఆలస్యమైతే కామెర్లు రాస్తాం. ఎందుకంటే కామెర్లకు పసరు మందు వాడానని చెప్పొచ్చు, ఆసుపత్రి చీటీ అక్కర్లేదు. ఆ అఫిడవిట్ కంప్యూటర్‌లో ఎప్పుడూ తయారుగా ఉంటుంది, పేరూ తేదీలూ మారిస్తే చాలు. కోర్టు వరండాలో అనంతమ్మకు చదివి వినిపించి, వేలిముద్ర వేయమన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు కామెర్లు ఎన్నడచ్చినయ్ సారూ?"

"రాలేదమ్మా. ఊరికే రాస్తాం. అందరూ ఇట్లనే రాస్తారు."

"లేని రోగం పేరు ఎత్తితె ఇంట్లకే వస్తదంటరు. జర వేరే ఏమన్న రాయరాదు?"

"వేరేది రాస్తే నీ భూమి పోతది."

ఆమె వేలు ముందుకు చాపింది.

వికారాబాద్‌లో ఆమెను బోనులో నిలబెట్టారు. కామెర్లు వచ్చాయా అని సేటు తరఫు వకీలు అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను ఫైలులోకి తల దించుకున్నాను. వచ్చినయ్ అంది. మంచం మీంచి లేవలేదా అంటే లేవలేదంది. అప్పుడతను తీరిగ్గా ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ఊళ్లో ఉపాధి హామీ కరువు పనికి వచ్చినవాళ్ల హాజరు మస్టర్లు. మంచం పట్టిందని నేను రాసిన వారాలన్నిటిలో ఆమె మట్టి తవ్వింది, రోజూ వేలిముద్ర వేసింది.

అబద్ధపు కారణం తగిన కారణం కాదని, ఇలాంటి మనిషికి దయ చూపనక్కర్లేదని ఆర్డరు వచ్చింది. చట్టప్రకారం ఆ మాటలో తప్పులేదు. హైదరాబాదు పోదామా సారూ అని ఆమె అడిగింది. లాభం లేదన్నాను. లాభం ఉందో లేదో నేను చూడనే లేదు. అక్కడ ఇంకో వకీలు ఫైలు తిప్పితే నకలు ఏ తేదీన నా చేతికొచ్చిందో చూస్తాడు. నా భయం అదీ. కంచే చేను మేయడమంటే ఇదే కాదా?

ఇప్పుడా చేను లేదు. తాటిచెట్టు లోతు గుంత ఉంది. ఆమె కొడుకు ఆ గుంతలోనే కూలికి రాళ్లు కోస్తున్నాడు.

పోయిన నెల అనంతమ్మ వచ్చింది. కేసు లేదు, పని లేదు. ఊరికే కూర్చుంది.

"నేను కోర్టుల అబద్ధమాడిన సారూ. గందుకే భూమి పోయింది. నా మనసుల ఉంచుకోలేక మొన్న కొడుక్కు చెప్పిన. గప్పటి సంది వాడు నన్ను అమ్మా అని పిలుస్తలేడు. ఫికర్ చెయ్యకు, నీ పేరు చెప్పలే. నువ్వు మా కోసం మస్తు కొట్లాడినవ్."

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆమె ఆటో టైమైందని లేచి వెళ్లిపోయింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, నా పేరు బయటికి రాలేదని నా లోపల ఏదో కుదుటపడింది. దాన్ని చూసుకుని నాకే భయమేసింది. నేను ఇలాంటివాణ్ణా?

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె కొడుక్కి నేను చెప్పాల్సింది ఇంతే. నకలు నా బీరువాలో ఉండిపోయింది. మరిచిపోయింది నేను. రోగం రాసింది నేను. అలా రాయొద్దన్న ఒకే ఒక్క మనిషి మీ అమ్మ.

రాశాక గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది. తప్పు తప్పుగానే ఉంది, అది తగ్గలేదు. ఈ కాగితం అతని చేతికిస్తే రాయి కోసే ఆ చేతులు ఏం చేస్తాయో నాకు తెలియదు. ఇవ్వకపోతే అతను రేపు కూడా తల్లిని పలకరించకుండానే పనికి వెళతాడు.