నీళ్ళు కలవని గోధుమ విస్కీ

"అయితే నీళ్ళు కలిపారంటావా?"

"ముమ్మాటికీ కలిపారు. కారొచ్చేసింది, కోటేసుకో మావా."

మా ఆయనా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. ఆయన కోటు తొడుక్కుని, ఈ అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో తను పనిచేసే మందు షాపుకి వెళ్ళాడు. ఆ సాయంత్రం కౌంటర్ దగ్గరే గుండె ఆగిపోయింది.

నాకు సంతకం దాకానే అక్షరాలు వచ్చు. కానీ ముక్కుంది. మా పుట్టింట్లో బెల్లం సారా కాచేవారు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసి రుద్ది, వాసన చూసి, ఇది బట్టీలోంచి దిగిన మొదటి ధారా చివరి ధారా, ఎవరైనా నీళ్ళు పోశారా అని చెప్పేదాన్ని. సీసా ఊపితే పైన బుడగలు పూసల్లా లేస్తాయి. అవి ఎంతసేపు నిలబడితే సరుకు అంత గట్టిది. పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకున్నాను, అప్పటినుంచి చుక్క నోట్లో వేయలేదు. వాసన చూడొద్దని మాత్రం ఏ పాస్టరుగారూ అనలేదు.

షాపులో కొత్త సీసా విప్పితే, జనానికి రుచి చూపించగా అడుగున మిగిలింది మా ఆయన దగ్గుమందు సీసాలో పోసి తెచ్చేవాడు. నేను రుద్ది చెప్పిందే కొనేవాళ్ళకి చెప్పేవాడు. "మా ఇంట్లో లేబరేటరీ ఉందిలే" అని నవ్వేవాడు.

అలా ఆయన మాట మీద కొనే వాళ్ళలో యూదుల పెద్దాయన ఒకాయన, శుక్రవారం శుక్రవారం వచ్చేవాడు. వాళ్ళలో తిండికీ తాగుడికీ ఒక మడి ఉంటుంది, కోషర్ అంటారు. ద్రాక్షసారా నిలవ చేసిన పీపాలో పోసిందైతే ఆయన ముట్టడు. ఆ వారం కోషర్ గుర్తున్న బర్బన్ ఒకటి కొత్తగా వచ్చింది. బర్బన్ మొక్కజొన్న విస్కీ. మామూలుగా ఘాటు కోసం అందులో రై అనే గింజ వేస్తారట, దీంట్లో దాని బదులు గోధుమ వేశారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా ఆయనకీ తెలియదు. రుద్దాను. ముక్కులో గుచ్చుకోలేదు. మా సారాలో గుచ్చుకోకపోతే దానికి ఒకటే అర్థం. చెప్పేశాను. దగ్గుమందు సీసాలో ఉన్నది రెండు చెంచాలు, ఊపి పూస చూడడానికీ లేదు.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు పెద్దాయన మా ఇంటికొచ్చాడు. ఒక చేతిలో ఉడికించిన గుడ్ల గిన్నె, చావు జరిగిన ఇంటికి వాళ్ళు అవే తెస్తారట. చంకలో ఆ బర్బన్‌దే విప్పని సీసా. మా తమ్ముడి కూతురు, ఇప్పుడు ఇది రాస్తున్న పిల్లే, పక్కన కూర్చుని ఆయన మాటలు తెలుగు చేసి చెప్పింది.

"మీ ఆయన నన్ను సీసా తాకనివ్వలేదు. ఓనరు వింటుండగానే, మా ఆవిడ వద్దంది, మీరు కొనొద్దు అన్నాడు. నలభై ఏళ్ళు నా పెళ్ళాం మాటే వినలేదు నేను. ఈయన పెళ్ళాం మాట విని ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళాను."

"మరి ఇదెందుకు తెచ్చాడే?"

"నువ్వు సరేనంటేనే ఓపెన్ చేస్తాడంట అత్తా. ఫైనల్‌గా నువ్వే చెప్పాలంట."

సీసా తీసుకుని అలవాటుగా ఊపాను. పూసలు లేచాయి, శెనగగింజలంత. లేచి నిలబడ్డాయి. నీళ్ళ సరుకులో పూస అలా నిలవదు. మూత తీయించి మళ్ళీ రుద్దాను, ఈసారి తొందర పడలేదు. ఘాటు ఎగిరిపోయాక చేతిలో తడిపిన చపాతీ పిండి వాసన మిగిలింది.

"చెంచా తేవే."

"అత్తా! నువ్వు తాగుతావా?"

"ముక్కుతో తప్పు చెప్పాను. ఇక నోటితోనే చెప్పాలి."

నాలుక మీద మంట లేదు. ముందు బెల్లం పాకం ముదిరేటప్పటి తీపి. దాని వెనక కాల్చిన మొక్కజొన్న కండె మీద నల్లబడ్డ గింజ. పీపా లోపలంతా కాలుస్తారట, ఆ చెక్క చేదు దాల్చినచెక్కలా చివర్లో తగిలింది. తీపి ఒక పిసరు ఎక్కువే, అదీ చెప్పాలి. మింగాక మాత్రం వేడి రొమ్ముదాకా దిగి అక్కడే కూర్చుంది. ఎంత బలముందో అంత నెమ్మది. మా పుట్టింటివాళ్ళు ఎన్నిసార్లు కాచినా ఆ నెమ్మది రాలేదు. కాచినవాడెవడో గాని చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి.

"చెప్పు ఆయనకి. చుక్క నీళ్ళు కలపలేదు. ఆ మెత్తదనం గోధుమది. తప్పు నాది."

పెద్దాయన వాళ్ళ మడికి మన గ్లాసు పనికిరాదని జేబులోంచి కాగితం కప్పు తీశాడు. తమ భాషలో దీవెనేదో గొణిగి, తాగి, చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "మీ ఆయన వింటే ఏమనేవాడు?" అని అడిగాడు.

"లేబరేటరీ ఫెయిలైందేమే అని వారం రోజులు ఏడిపించేవాడు."

ఆ వారం నాకు దక్కలేదు. ఆయనతో నేనన్న ఆఖరి మాట తప్పు మాటగా ఉండిపోయింది. కాగితం మీదైనా దిద్దుకుందామని ఇది రాయిస్తున్నాను. మావా, కలపలేదు. మంచి సరుకు. పెద్దాయన్ని కొనుక్కోనీ.

రాశావా తల్లీ? ఏదీ, మొదటినుంచి చదువు. మొదటి మాట మీ మావయ్యది, కాస్త నెమ్మదిగా చదువు.