సూర్యకుమారి ఆంటీ అడగని ప్రశ్న

సింగపూర్ బుకిట్ బటోక్‌లో సూర్యకుమారి ఆంటీ తొందర తెలియని తెలుగువాళ్లు లేరు. లిఫ్టు బటన్‌ని వేలు అరిగేలా నొక్కుతుంది. హాకర్ సెంటర్లో ఇంకా తింటున్నవాళ్ల బల్లమీదే టిష్యూ పొట్లం పెట్టి, ఈ చోటు నాదేనని చోప్ చేసేస్తుంది. పక్కింటివాళ్లు దీపావళి దీపాలు తీయకముందే తన గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం కట్టేస్తుంది. అలాంటి మనిషికి, ఏం చూసి ఇచ్చారో గానీ, తెలుగు చర్చి సంఘంవాళ్లు క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు కొవ్వొత్తులు వెలిగించే పని అప్పగించారు. నాలుగు ఆదివారాలు, వారానికొకటి. అగ్గిపుల్ల ఇంకా మండుతోంది కదా అని ఈవిడ మొదటి వారమే రెండోదీ అంటించేసింది!

పాస్టరుగారు నవ్వాపుకుని దాన్ని ఊదేశారు. “ఆంటీ, ఆగమన కాలమంటే వచ్చేవాణ్ణి తొందరపెట్టడం కాదు. ఆయన వేళకి ఆయనొస్తాడు. మనం చోటు సిద్ధం చేసుకుని కనిపెట్టుకుని ఉండాలి, అంతే.”

ఆ మాట ఆవిడ కొడుకు అనిల్‌కుమార్ పట్టుకున్నాడు. అతని భార్య సుస్మిత చర్చికి రావడం మానేసి చాన్నాళ్లయింది. మానదా మరి! ఆరాధన అయ్యీ కాగానే అత్తగారు నలుగురిలో “ఏమ్మా, విశేషమేమైనా ఉందా?” అని మొదలెట్టేది.

“మమ్మీ, ఇంక ఆ ప్రశ్న అడగొద్దు లా,” అన్నాడు సింగపూర్ యాసలో. “మళ్లీ అడిగావంటే సుస్మిత నీ గడప తొక్కదు. సీరియస్‌గా చెప్తున్నా.”

కోడలంటే ఆంటీకి ప్రాణం. అడగనని మాటిచ్చేసింది.

అడగనంది గానీ ఊరుకుంటుందా! మర్నాడే పుల్ల మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్ది, కోడలికిమ్మని కొడుకు చేతికి డబ్బా ఇచ్చింది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. ఇంకేముంది, ఆవిడ కాలు నేలమీద నిలవలేదు. “పుల్లటివి తింటోందే!” అని స్నేహితురాలు తారాదేవికి ఫోన్ కొట్టింది. తీరా ఆరా తీస్తే, లిఫ్టు దిగేలోపే ముక్కలన్నీ మింగేసినవాడు అనిల్‌కుమార్! ఆంటీకి తలకొట్టేసినట్టయింది. అప్పటినుంచి నిజంగానే నోరు కుట్టేసుకుంది.

నాలుగో ఆదివారం సుస్మిత చర్చికొచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. ఆంటీ నాలుక దురదపెట్టింది. పెదవి కొరుక్కుంది.

“ఒంట్లో బాలేదా అత్తయ్యా? ఏమీ అడగట్లేదు.”

“అడగనమ్మా. నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు. నేనుంటాగా.”

సుస్మిత తల వంచుకుంది. “ఆగస్టులో నెల తప్పింది అత్తయ్యా. నిలవలేదు. హాస్పిటల్ నుంచి వచ్చిన ఆదివారం కూడా మీరు అడిగారు.”

ఆంటీ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. “అయ్యో తల్లీ! మరి నువ్వేమన్నావు?”

“ఏం లేదత్తయ్యా అన్నాను.”

పాట మొదలైంది. అందరూ లేచి నిలబడ్డారు. వాళ్లిద్దరూ లేవలేదు.