పోయొస్తానన్న ప్రొఫెసరమ్మ

మొన్న ఆదివారం పొద్దున, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, ఒకప్పుడు నా దగ్గర చదువుకుని, నేను రిటైరైన కాలేజీలోనే ఇప్పుడు తత్వశాస్త్రం చెబుతున్న నా శిష్యురాలు ఫోన్ చేసింది. ఈ ఏడు ఆ చదువులో చేరడానికి పిల్లలు రాలేదని, వచ్చే ఏడు నుంచి ఆ శాఖనే ఎత్తేస్తున్నారని, తనను లైబ్రరీలో సర్దుబాటు చేస్తామంటున్నారని గబగబా చెప్పి, "సార్, మీ ప్రొఫెసరమ్మ లండన్‌లో పెద్దల సభలో ఉండారు గదా, ఆమె చేత మా మేనేజ్‌మెంటుకి ఒక్క మాట చెప్పించండి సార్. ఈడ మేము చెప్తే వినేవాళ్ళు ఎవురూ లేరు" అంది. చెప్పిస్తానని అనలేక, నా వల్ల కాదనడానికి నోరు రాక, చూస్తానమ్మా అన్నాను.

ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. మన కాలంలో ఈ చెన్నైలో ఇంటికి టెలిఫోను కావాలన్నా, గ్యాసు కావాలన్నా, పిల్లవాడికి కాలేజీలో సీటు కావాలన్నా, పైన మనకు తెలిసినవాళ్ళెవరా అని వెతుక్కుంటూ తిరిగినవాళ్ళమే కదా మనమంతా. పురసవాక్కంలో బట్టల కొట్టు నడుపుకునే మా నాన్నకు తెలిసిన అతి పెద్ద మనిషి మా వీధి చివర కాపురమున్న పోస్టుమాస్టరుగారు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు బ్రిటిష్ పార్లమెంటులో కూర్చునే మనిషి తెలుసంటే, ఇక కాని పని ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు.

నేను ఎమ్మే చదివే రోజుల్లో ఆవిడ ఇంగ్లండు నుంచి ఒక ఏడాది పాఠాలు చెప్పడానికి సముద్రం ఒడ్డునున్న మా యూనివర్సిటీకి వచ్చారు. తండ్రి బొగ్గు గనిలో పనిచేసేవారట, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తానేనట. మాట ఇవ్వడమంటే ఏమిటి, ఇచ్చిన మాటను ఎందుకు నిలబెట్టుకోవాలి అన్నదే ఆవిడ జన్మంతా తలబద్దలు కొట్టుకున్న విషయం. ఫ్యాను తిరగని ఆ గదిలో చెమటలు తుడుచుకుంటూ ఆవిడ అడిగే ప్రశ్నలకు మేము జవాబు చెప్పలేక కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. అయినా ఆ క్లాసు ఎగ్గొట్టాలని ఎవరికీ అనిపించలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చారు. తిని, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా దగ్గర నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లోంచి "పోతాను" అన్నారు. మా అమ్మ గబగబా గడప దగ్గరికి వచ్చింది. "అయ్యయ్యో, పోతాననగూడదు మా, పొయ్యొస్తా అనాల" అంది. నేను అర్థం చెప్పాను. ఒక కాలికి చెప్పు వేసుకుని ఆవిడ అలాగే ఆగిపోయి, మీ భాషలో గడప దాటే ప్రతి మనిషీ తిరిగి వస్తానని మాట ఇచ్చి వెళతాడా అని అడిగారు. అదేం లేదండీ, ఊరికే మర్యాదకు అంటాం, కూరగాయల వాడూ అంటాడు, ఇన్సూరెన్సు ఏజెంటూ అంటాడు అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. బయట ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతుంటే చాలాసేపు ఆలోచించి, ఒప్పందం మీద సంతకం పెట్టినంత గంభీరంగా "పొయ్యొస్తా" అన్నారు.

అమ్మ ఆ మాటను ఆ పూటే మరిచిపోయింది. ఆవిడ మరిచిపోలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత, అక్కడో పెద్ద యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరై, ఏదో సమావేశానికి చెన్నై వచ్చినప్పుడు, తమిళుల ఆడి మాసపు బట్టల తగ్గింపు అమ్మకాల రద్దీలో హోటలు వాళ్ళ కారు కదలకపోతే దిగి, ఆ జనంలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చారు. వస్తానన్నాను కదా అన్నారు. చూపు తగ్గిన మా అమ్మ, నిన్న వెళ్ళిన మనిషి ఇవాళ వచ్చినట్టు, "వస్తివా మా? రా, అన్నం తిందువు" అంది.

పెరుగన్నం దగ్గర ఆవిడ చెప్పారు, ఇక్కడికి బయలుదేరే ముందు తాను చివరగా పెట్టిన సంతకం, తన యూనివర్సిటీలో తత్వశాస్త్ర శాఖను మూసేయడానికని. చేరిన పిల్లలకు చదువు పూర్తయ్యేదాకా శాఖ ఉంటుందని మాట ఇచ్చింది తానేనట. తాను రాజీనామా చేసి పోతే, తర్వాత వచ్చినవాళ్ళు ఆ సంతకం ఇంకా తొందరగా పెట్టేవాళ్ళట. నువ్వైతే ఏం చేసేవాడివి అని, ఒకప్పటి ఆ క్లాసులోలాగే నన్ను అడిగారు. ఆవిడ పాఠాలే చెప్పుకుని నేను బతికాను. ఇంకొంచెం పెరుగు వెయ్యమంటారా అన్నాను. ఆవిడ మీద కోపం వచ్చినా బాగుండేది, రాలేదు, ఏడుపు వచ్చింది.

అంత సమర్థంగా యూనివర్సిటీ నడిపినందుకేనేమో, ఆ తర్వాత ఆవిడకు బిరుదిచ్చి పెద్దల సభలో కూర్చోబెట్టారు.

ఆ ఆదివారం సాయంత్రమే ఆవిడకు ఫోన్ చేశాను. గొంతు బాగా సన్నబడిపోయింది. నా శిష్యురాలి సంగతంతా చెప్పి, మా ఊరి పద్ధతిలో, ఒక్క మాట చెప్పమని అడిగాను. తనకు తెలియని కాలేజీ వాళ్ళు తన మాట ఎందుకు వింటారన్నారు. ఈ మధ్యనే వాళ్ళ దేశంలో మూతపడుతున్న శాఖల గురించి సభలో లేచి మాట్లాడారట. మంత్రిగారు లేచి, ఇంత ముఖ్యమైన విషయం గుర్తు చేసినందుకు ఆవిడకు కృతజ్ఞతలు చెప్పి, కూర్చున్నారట. అంతేనా అన్నాను. అంతే అన్నారు.

మన రోజుల్లో పెద్దవాళ్ళు కాదంటే కాదని మొహం మీదే చెప్పేవారు. పోట్లాడేవాళ్ళం, గేటు ముందు బైఠాయించేవాళ్ళం, ఏమీ చేతకాకపోతే ఇంటికొచ్చి తనివితీరా తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు కాదనేవాళ్ళు ఎవరూ కనబడరు. అందరూ ఎంతో మర్యాదగా వింటారు, ఎవరిని తిట్టుకోవాలో తెలియదు.

ఆ కబురే నా శిష్యురాలికి చెప్పాను. నాలుగు తిడుతుందేమో, తిడితే బాగుండునని ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"పర్వాలేదు సార్. అడిగినారు గదా, చాలా థాంక్స్ సార్" అని పెట్టేసింది.